గోరువెచ్చన లెక్క

ముందు నీళ్లని కొలిచాను.
పొడవు పాతిక మీటర్లు, వెడల్పు పది.
లోతు మాత్రం ఒక్కో చోట ఒక్కో మాట చెప్పింది.
పిల్లల వైపు నడుము దాటదు,
అటు కొసన ఇద్రిస్ లాంటి ఆరడుగుల మనిషీ మునుగుతాడు.
సగటున మీటరున్నర అని రాసుకున్నాను.
కాళ్లు ఆనే లోతూ కాదు, ఆనని లోతూ కాదు.

మూడు లక్షల డెబ్బై అయిదు వేల లీటర్లు.
ఏప్రిల్ మొదటి వారం, వేల్స్ లోయలో
వాన అప్పుడే వెలిసింది.
థర్మామీటరు ఎనిమిది దగ్గర కూలబడి
ఇక లేవనంది.
కావలసింది ఇరవై ఏడు.
పందొమ్మిది మెట్లు,
ఒక్కో లీటరునీ చెయ్యి పట్టుకుని ఎక్కించాలి.

ఎనిమిది వేల మూడు వందల యూనిట్లు తేలింది.
"అంటే ఎంత?" అంది నెరిస్.
ఈత సంఘం డబ్బంతా ఆమె దగ్గర
పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది.
"మా ఇంటికి మూడేళ్ల కరెంటు" అన్నాను.
యూనిట్లు వదిలేసి
మూడేళ్లు అని రాసుకుంది.

అది వేడి ఎక్కించడానికి.
నిలబెట్టడానికి ఇంకో కాగితం కావాలి.
అడుగున నేల కాస్త తాగుతుంది, గోడలు కాస్త.
అసలు దొంగ పైన ఉంది.
తలుపు తియ్యదు, తడి అడుగు వదలదు,
కొండ దిగిన గాలి చంకనెక్కి
రాత్రంతా నీటి మీద మీగడ తీసుకుపోతుంది.
ఒక్క లీటరు ఆవిరై పోతూ పోతూ
దాదాపు ఆరు వందల లీటర్లని
ఒక మెట్టు కిందికి తోసి మరీ పోతుంది.

రాత్రిళ్లు దుప్పటి కప్పితే సగం మిగులుతుంది అన్నాను.
ఇద్రిస్ కొలను అంచున నిలబడి
ఆ కొస నుంచి ఈ కొసకి చూశాడు.
"తడిసిన దుప్పటి. రోజూ ఎవరు లాగుతారు?"
ఆయనకి డెబ్బై ఆరు.
నా పట్టికలో ఆ గడి లేదు.

గని నడిచినన్నాళ్లూ
ఎవరూ ఈ లెక్క వెయ్యలేదట.
బాయిలరు వాడుకుని వదిలేసిన వేడి
గొట్టంలో పడి కొండవాలున దిగొచ్చేది.
పొద్దున్న బొగ్గు, సాయంత్రం ఈత.
గని మూతపడ్డ ఏడే
వేడికి ధర పుట్టింది.

గురువారం ఆరున్నరకి కొలతలకి వెళితే
నాకన్నా ముందే పన్నెండు మంది ఆడవాళ్లు,
ఆ ఎనిమిది డిగ్రీల్లోనే.
గ్వెన్‌లియన్ మెడదాకా మునిగి అడిగింది:
"ఇంతమందిమి దిగుతున్నాం కదా,
మా వేడి నీళ్లకి అంటదా?"
నవ్వేసి వచ్చాను.

రాత్రి నిద్ర పట్టక వేశాను ఆ లెక్క కూడా.
ఈదే మనిషి ఒళ్లు ఒక చిన్న పొయ్యి.
పన్నెండు పొయ్యిలు, ఒక గంట,
అంతా కలిపితే నాలుగు యూనిట్లు.
వేణ్ణీళ్లకి చన్నీళ్లు తోడంటారు.
ఇక్కడ చన్నీళ్లకి పన్నెండు ఒళ్లు తోడు.
రోజూ తప్పకుండా ఈదితే
అయిదేళ్ల ఎనిమిది నెలలకి కొలను గోరువెచ్చన అవుతుంది,
మధ్యలో ఆవిరి ఒక్క చుక్క కూడా
ఎత్తుకుపోకుండా ఉంటే.

నివేదికలో రాబడి వైపు రాశాను:
హీట్ పంపు, ఇంత.
ఎండ, వస్తే.
ఈతగాళ్లు, నాలుగు.
పై ఆఫీసు కొట్టేస్తుందనుకున్నాను.
కొట్టెయ్యలేదు. పక్కన పెన్సిలుతో
ఒక ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపారు.

నిర్ణయం జూన్‌లో.
నిన్న థర్మామీటరు తొమ్మిది చూపించింది.
ఎండ వల్లేనని నాకు తెలుసు,
ఆ మాట గ్వెన్‌లియన్‌కి చెప్పలేదు.
కాలి గోరు ముంచి చూసి
"ఇంకా కాలేదు" అంది,
ముక్కు మూసుకుని దూకింది.